పసుపు తిరిగిన గడ్డి

మూడో వారంలో కూడా గడ్డి కోలుకోలేదని పాపాయి ఫోన్ చేసేసరికి నాచక్క ఒక హోటల్ హాల్లో నిచ్చెన ఎక్కి, భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టి ఉంది. మనిషి పడుకునేంత పొడుగు గాజుతొట్టి అది. ఇంకో పది రోజుల్లో హోటల్ తెరుస్తారు, ఈలోగా అందులో అడవి మొలిపించాలి. తడిచెయ్యి చీరకు తుడుచుకుని, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అక్కా, ఇంకా పసుపుగానే ఉంది. మొదట్లో అంచులే ఉండేవి, ఇప్పుడు మధ్యకి పాకింది. నాన్న పొద్దున లేచింది మొదలు దాన్నే చూస్తున్నాడు."

"కొత్త ఆకులా, పాత ఆకులా, పసుపెక్కేది?"

"నాకేం తెలుస్తుందక్కా. అన్నీ ఒకలాగే ఉన్నాయి."

అక్వేరియంలో అడుగున పరిచే ఆ చిన్న గడ్డిని నర్సరీవాళ్లు నీళ్లలో పెంచరు, బయట తడి మట్టిలో పెంచుతారు. తెచ్చి నీళ్లలో ముంచితే పాత ఆకులు పసుపెక్కి కరిగిపోతాయి, కొత్తవి నీటికి అలవాటుపడి పుడతాయి. మొదటి వారం పాపాయి అడిగినప్పుడు నాచక్క ఆ మాటే చెప్పింది. రెండో వారం లైటు రెండు గంటలు తగ్గించి, ఎరువు నాలుగు చుక్కలు పెంచమంది. ఇక మిగిలింది గ్యాస్. మొక్కలు పీల్చుకునే బొగ్గుపులుసు గ్యాస్‌ని సన్నటి గొట్టంతో బుడగలు బుడగలుగా నీళ్లలోకి వదులుతారు, దానికో సిలిండర్ ఉంటుంది.

"గ్యాస్ ఎలా ఉంచుతున్నావు?"

"లైటు ఆర్పేటప్పుడు పైనున్న పెద్ద వాల్వు కట్టేస్తున్నా. నువ్వే కదా చెప్పావు."

"ఇకనుంచి కట్టొద్దు. పూర్తిగా తిప్పి అలాగే వదిలెయ్. ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా అయితే గడ్డికి పడదు."

"మొదటి సిలిండర్ అప్పుడే అయిపోయిందక్కా. నిన్న సాయంత్రమే రెండోది బిగించాను, నువ్వు చెప్పినట్టే పానాతో."

ఆ సిలిండర్ రెండు నెలలు రావాలి. రెండు వారాలకే అయిపోయిందంటే ఎవరైనా ఆగి ఆలోచించాల్సిన మాట. కానీ కింద నుంచి హోటల్ మేనేజర్ గొంతు సవరించుకుంటున్నాడు, నిచ్చెన కాలు ఒకటి కదులుతోంది.

"నింపేవాడు సగమే నింపి ఉంటాడు. గట్టిగా అడుగు. నేను రెండు రోజుల్లో వచ్చి చూస్తాలే" అని ఫోన్ పెట్టేసింది నాచక్క.

రెండు రోజుల్లో వెళ్లలేదు. పదహారు రోజులు వెళ్లలేదు.

వెళ్లకపోవడానికి పని ఒక్కటే కారణం కాదు. పాపాయి నాన్న అద్దాలు కోసే మనిషి. పని మానేసేదాకా, ఇరవై రెండేళ్లు నాచక్క పెట్టిన ప్రతి తొట్టికీ అద్దాలు ఆయనే కోశాడు, అంచులు ఆయనే సానపట్టాడు. ఆమె బడిలో సైన్సు గది చూసుకునే ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగిన కొత్తలో, అద్దానికి అద్దం అతికించడం కూడా తెలియదు. మొదటి తొట్టి అర్ధగంటలో పగిలి గది చెరువైతే, ఆయన గుమ్మంలో నిలబడి, "ఈత వచ్చా అమ్మాయ్" అని అడిగి, ప్యాంటు మడిచి లోపలికొచ్చి పని నేర్పాడు. ఎప్పుడూ నాచు గీకుతూ ఉంటుందని నాచక్క అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. నలభై దాటిన కూతురిని ఇంకా పాపాయి అనే పిలిచేవాడు, దాంతో వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచింది.

మూడు పదుల ఏళ్లు సానరాయి ముందు కూర్చున్న మనిషి. గాజుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంది. రెండేళ్ల కిందట మెట్లెక్కడం మానేశాడు, ఏడాది కిందట పని మానేశాడు, ఆరు నెలలుగా మంచం దిగడం మానేశాడు. ఆయన మాట్లాడితే వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగి గాలి వెతుక్కోవాలి. ఆ వెతుకులాట చూడటం నాచక్క వల్ల కాలేదు. ఫోన్లో సలహాలు చెప్పడం తేలిక.

ఆ తొట్టి కూడా ఆయన అడిగిందే. దుకాణం మూసేముందు చివరగా కోసుకున్న అద్దాలు అటక మీద ఉన్నాయి, వాటితో ఒకటి కట్టి మంచం ఎదురుగా పెట్టమన్నాడు. "ఇన్ని తొట్లు కోశాను. ఒక్కదాని ముందు కూడా తీరిగ్గా కూర్చోలేదమ్మా" అన్నాడు. చేపలు వద్దు, గడ్డి చాలన్నాడు. నిండా పచ్చగా, కొండవాలు లాగా.

పడకగదిలో గ్యాస్ సిలిండర్ పెట్టకూడదని నాచక్క తను పనిచేసే ప్రతి ఇంట్లో చెప్పేది. ఇక్కడ గట్టిగా చెప్పలేకపోయింది. సిలిండర్ హాల్లో పెట్టాలంటే గోడకి కన్నం కొట్టాలి, కన్నం కొడితే దుమ్ము రేగుతుంది, దుమ్ము తగిలితే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. వద్దని ఒక్కసారి అంది. దిండ్లకి ఆనుకుని చిన్నపిల్లాడిలా చూస్తున్న మనిషి ముందు రెండోసారి అనలేక, తొట్టి కింది అరలో సిలిండర్ పెట్టేసింది.

*

ఆమె వెళ్లిన రోజు ఇరవై రెండో తారీకు, మధ్యాహ్నం. తలుపు తీసిన పాపాయిని చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుంది.

"తలనొప్పా?"

"పది రోజులైందక్కా. మధ్యలో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. నిద్ర చాలక అనుకుంటా." పాపాయి ఆ గదిలోనే, నాన్న మంచం పక్కన నేలమీద పరుపు వేసుకుని పడుకునేది. పగలు అక్కడే కుట్టుమిషన్ పెట్టుకుని ఆసుపత్రి వాళ్లకి గౌన్లు కుట్టేది.

గదిలోకి అడుగుపెట్టగానే బరువుగా అనిపించింది. కిటికీ రెక్కల సందులన్నిటికీ దుమ్ము రాకుండా వెడల్పాటి టేపులు అంటించి ఉన్నాయి. తలుపు కింద గుడ్డ దోపి ఉంది. ఏసీ చల్లగా తిరుగుతోంది, కానీ ఆ చల్లదనంలో కొత్త గాలి లేదు. మంచం మీద బాబాయ్ నోరు తెరుచుకుని, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, చెమటగా ఉంది.

"బాబాయ్, నాచక్కని."

కనురెప్పలు కదిలాయి. చూపు ఆమె ముఖం దాకా వచ్చి, నిలవలేక జారిపోయింది.

"నిన్నటి నుంచి ఇంతే" అంది పాపాయి. "ఆసుపత్రికి ఫోన్ చేస్తే, జబ్బు ముదిరితే మత్తుగానే ఉంటారు, మందు ఇంకో పూట పెంచండి అన్నారు. వింతేంటంటే అక్కా, మధ్యలో శుభ్రంగా ఉంటాడు. నాలుగు రోజులు కూర్చుని కబుర్లు చెప్తాడు, ఇడ్లీ పెట్టవే అంటాడు. మళ్లీ మత్తు."

నాచక్క తనకు తెలిసిన పనే చేసింది. తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

గడ్డి నిజంగానే చెడిపోయింది. ముందువైపు చేటంత మేర ఎండుగడ్డి రంగుకి తిరిగింది, మిగతాది పాలిపోయి, చివర్లకి గోధుమరంగు నాచు పట్టి ఉంది. ఆమె ఒక కుదురు పట్టకారుతో లాగి చూసింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి, కుళ్లు వాసన లేదు. అయితే మట్టిది తప్పు కాదు. పాత ఆకులతోపాటు కొత్త చిగుళ్లు కూడా పాలిపోయాయి. అయితే నర్సరీ ఆకులు రాలిపోవడమూ కాదు. లైటు ఎత్తు సరిగ్గానే ఉంది. సీసాలో నీళ్లు పట్టి, రంగు మందు చుక్కలు వేసి చూసింది. విషమేమీ లేదు.

తొట్టిలో ఒక మూలకి నిమ్మకాయంత గాజు బుడ్డి అంటించి ఉంటుంది. నీళ్లలో గ్యాస్ చాలినంత ఉంటే అందులో రంగు పచ్చగా ఉంటుంది, లేకపోతే నీలంగా ఉంటుంది. ఇప్పుడది చిక్కటి నీలం.

"పాపాయ్, గ్యాస్ అయిపోయిందా?"

"లేదే. మొన్న సాయంత్రమే నాలుగోది బిగించాను. నీకు మెసేజ్ పెట్టాను కదా, మూడోది కూడా మూడు రోజులకే అయిపోయిందని. నింపేవాణ్ణి మార్చమన్నావు."

తను అలా రాసిన సంగతి నాచక్కకి అప్పుడు గుర్తొచ్చింది. హోటల్ భోజనాల గదిలో నిలబడి, టీ తాగుతూ రాసింది.

నెలలో నాలుగు సిలిండర్లు. నీళ్లలో గ్యాస్ లేదు. మరి ఎక్కడికి పోతోంది?

అప్పుడే తొట్టి పక్క అద్దం మీద గీతలు కనిపించాయి. అద్దాలు కోసేవాళ్లు గుర్తు పెట్టుకునే తెల్ల మైనపు పెన్సిల్‌తో గీసినవి. మంచం మీద నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది ఆ అద్దం.

"నాన్న గీస్తున్నాడు" అంది పాపాయి. "రోజూ పొద్దున పసుపు ఎంతదాకా వచ్చిందో అక్కడ ఒక గీత, పక్కన తారీకు. నువ్వొస్తే చూపించాలట."

నాచక్క దగ్గరికి జరిగి చూసింది. ఐదో తారీకు గీత స్కేలు పెట్టినట్టు ఉంది. అది బాబాయ్ చెయ్యి, ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆరు కాస్త వంకర. ఏడు, ఎనిమిది వణికిపోయాయి, ఎనిమిది అంకె సగంలో ఆగిపోయింది. తొమ్మిది నుంచి పదమూడు దాకా మళ్లీ నిటారుగా, శుభ్రంగా ఉన్నాయి. పద్నాలుగు, పదిహేను వంకరటింకర. పదహారో తారీకు అసలు లేదు. పదిహేడు నుంచి ఇరవై దాకా మళ్లీ స్కేలు గీతలు. ఇరవై ఒకటిన పెన్సిల్ అద్దం మీద నుంచి కిందికి జారిన గీర ఒక్కటే ఉంది. ఈరోజుది లేదు.

"రెండో సిలిండర్ ఐదో తారీకు సాయంత్రం కదా పెట్టావు. ఎప్పుడైపోయింది?"

"ఎనిమిదికి."

"మూడోది ఎప్పుడు పెట్టావు?"

పాపాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదమూడు సాయంత్రం. పదహారుకి అయిపోయింది. నాలుగోది ఇరవై సాయంత్రం. ఎందుకక్కా?"

నాచక్క తొట్టి కింది అర తలుపు తీసింది. ఆమె ప్రతి ఇంట్లో చేసే పనే, సబ్బునీళ్ల సీసా సంచిలోనే ఉంటుంది. సిలిండర్ మూతికి, గ్యాస్ ఒత్తిడి తగ్గించే మీటరు బిగించే చోట సబ్బునీళ్లు చిమ్మింది. చిమ్మీ చిమ్మగానే అక్కడ నురగ పుట్టి, పొంగి, పిడికిలంత అయి కింద పడింది. దాని వెనకాలే ఇంకో పిడికిలి.

ఆ బిగింపు మధ్యలో పావలా అంత నైలాన్ వాషర్ ఉంటుంది. మీటరు విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. నెల కిందట ఈ గదిలో కూర్చుని బిగించిన రోజున కొత్త వాషర్ల పొట్లం ఇంకో సంచిలో ఉండిపోయింది. వేరే ఇంట్లో వాడిన మీటరు అది, పాత వాషర్ దాంట్లోనే ఉంది. బాబాయ్ బుడగలు ఎప్పుడొస్తాయా అని చూస్తున్నాడు. వచ్చే వారం వచ్చి మారుద్దాంలే అనుకుంది. ఆ తర్వాత పాపాయి సిలిండర్ మార్చిన ప్రతిసారీ అదే వాషర్ మళ్లీ నలిగింది. లైటు ఆరగానే పెద్ద వాల్వు కట్టేసిన రోజుల్లో కారింది కొంతే. పగలూ రాత్రీ తెరిచి ఉంచమన్నది తనే.

నాచక్క వాల్వు కట్టేసింది. లేచి, కిటికీ టేపుల్ని గోళ్లతో పట్టి లాగేసింది.

"అక్కా, దుమ్ము. డాక్టరు వద్దన్నాడు."

"గదిలో గాలి ఆడటం లేదు. ముందు మంచం హాల్లోకి లాగుదాం, అటు పట్టు."

ఇద్దరూ కలిసి మంచాన్ని హాల్లోకి, వీధి తలుపు పక్కకి లాగారు. పాపాయి అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే నాచక్క ఆయన తల ఎత్తి పట్టుకుని కూర్చుంది. పావుగంటకి ఎర్రబడిన ముఖం కాస్త తేరుకుంది. అంబులెన్సు వచ్చే ముందు ఆయన కళ్లు తెరిచి, వీధిలో పోతున్న సైకిల్ని తల తిప్పి చూశాడు.

పాపాయి ఏడ్చేసింది. "కిటికీ తీసేసరికి లేచాడు చూడక్కా" అంది.

సంచిలో వేసుకున్న మీటరు నాచక్క తొడకి బరువుగా తగులుతోంది. పాపాయి చూడకుండా ఎప్పుడు విప్పిందో, ఎందుకు దాచిందో తనకే సరిగ్గా తెలియదు.

*

ఆసుపత్రిలో డాక్టరమ్మకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పింది, వరండాలోకి పిలిచి. డాక్టరమ్మ నడివయసు మనిషి, విన్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

"ఆయన ఊపిరితిత్తులు ఒంట్లో పుట్టే గ్యాస్‌నే బయటికి నెట్టలేకపోతున్నాయి. పీల్చే గాలిలో కూడా అదే గ్యాస్ ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు."

"దీనివల్లేనా?"

"మంచి గాలిలో ఉన్నా ఆర్నెల్లు, మహా అయితే ఏడాది. దీనివల్లేనని కాగితం మీద రాయలేను. కాదని మీ ముఖం చూసి చెప్పనూ లేను."

రెండు రోజులకి బాబాయ్‌కి తెలివి పూర్తిగా వచ్చింది. పక్క మంచం ఆయన గురకని సానరాయితో పోల్చి, నర్సుని నవ్వించాడు. కానీ ఊపిరి మాత్రం మునుపటి దారికి రాలేదు, మాస్కు తీస్తే నిమిషం నిలవడం లేదు. మూడో రోజు పాపాయి బట్టలు తేవడానికి ఇంటికెళ్లినప్పుడు నాచక్క స్టూలు దగ్గరికి లాక్కుంది. ఆయన చెయ్యి పట్టుకోకుండా, తన చేతులు తన ఒళ్లోనే పెట్టుకుని, వాషర్ సంగతి చెప్పింది.

ఆయన మాస్కు జరిపి, "నైలానుదా" అన్నాడు.

"నైలానుదే. బీటలు వారింది. గోరుతో నొక్కితే విరిగిపోయింది."

"కొత్తది లేదా?"

"ఉంది బాబాయ్. ఇంకో సంచిలో ఉంది. లేచి వెళ్లి తేవాల్సింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కోపమొచ్చిందో, ఆయాసమొచ్చిందో ఆమెకి తెలియలేదు. అద్దం అంచున వెంట్రుక వాసి తేడా ఉంటే మొత్తం పలకని పక్కన పడేసే మనిషి. ఫర్వాలేదులే అనే మాట ఆయన తన పనిలో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

"పాపాయికి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"చెప్పకు." మాస్కు పెట్టుకుని, గాలి తీసుకుని, మళ్లీ జరిపాడు. "సిలిండర్లు మార్చింది అది. వాల్వు తిప్పింది అది. నన్ను తనే… చంపుకున్నాననుకుంటుంది. బతికినంతకాలం అనుకుంటుంది. చెప్పనని మాటియ్యి."

"సరే బాబాయ్."

"ఒట్టు."

"ఒట్టు."

ఆ మాట అనగానే నాచక్కకి గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. మరుక్షణమే ఆ తేలికదనం ఎందుకొచ్చిందో అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన కూతురి కోసం అడిగాడు. తను తనకోసం ఒప్పుకుంది.

ఆరో రోజు మధ్యాహ్నం, పాపాయి గ్లాసులో మంచినీళ్లు పోస్తుండగా, ఆయన పోయాడు. ఆ సమయంలో నాచక్క వరండాలో ఉంది. లోపల గ్లాసు కిందపడిన చప్పుడు విని లేచింది.

*

పన్నెండు రోజుల తర్వాత ఆమె ఆ ఇంటికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. పాపాయి గదిలో కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, అద్దాలకి అంటుకుపోయిన టేపు జిగురుని బ్లేడుతో గీకుతోంది. నాలుగు రెక్కల్లో మూడు అప్పటికే శుభ్రమయ్యాయి. బొటనవేలు తెగి రక్తం కారుతున్నా ఆమె చూసుకోలేదు.

"ఇలా ఇవ్వు, నేను గీకుతా."

"వద్దక్కా. అంటించింది నేనే." చెయ్యి ఆగలేదు. "డాక్టరు దుమ్ము తగలనివ్వద్దన్నాడు, గాలే తగలనివ్వద్దనలేదు. ఆ మాత్రం తెలివి లేకపోయింది నాకు. నువ్వు కిటికీ తీసిన పావుగంటకి కళ్లు తెరిచాడు. అదే నేను ముందు తీసి ఉంటే? నెల్లాళ్లు ఊపిరాడకుండా చేసి చంపాను మా నాన్నని. పైగా నాకు తలనొప్పిగా ఉందని ఆయన మీద విసుక్కున్నాను కూడా."

బాబాయ్ కూతురికి ఏ బరువు తగలకూడదనుకున్నాడో ఆ బరువు ఆమెకి ముందే తగిలింది. తప్పుడు తూకంతో తగిలింది. నాచక్క మంచం లేని ఆ చోట నేలమీద కూర్చుంది.

"టేపులు కాదు పాపాయ్" అంది.

మొదలుపెట్టాక ఆగలేదు. పాత వాషర్, ఇంకో సంచి, నిచ్చెన మీద నుంచి చెప్పిన సలహా, టీ తాగుతూ పంపిన మెసేజ్, సబ్బు నురగ, సంచిలో దాచిన మీటరు, డాక్టరమ్మ మాట, అన్నీ వరసగా చెప్పింది. చివరగా ఒట్టు సంగతి కూడా చెప్పింది. పాపాయి బ్లేడు కిందపెట్టి విన్నది. మొదట ఆమె అడిగినది ఒకటే.

"వాల్వు తిప్పింది నేనేనా?"

"నువ్వే. తిప్పమంది నేను. వాల్వులో తప్పు లేదు, నేను పెట్టిన వాషర్‌లో ఉంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆరోజే. కిటికీ తీయకముందే."

"ఆసుపత్రిలో ఆరు రోజులు నా పక్కన కూర్చున్నావు. నా కంచంలోదే తిన్నావు."

"అవును."

"మీరిద్దరూ మాట్లాడుకుని, నాకు చెప్పకూడదనుకున్నారు. నలభై మూడేళ్లు నాకు. ఆయన మలమూత్రాలు ఎత్తడానికి సరిపోయాను గానీ ఈ మాట వినడానికి సరిపోలేదు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది నాచక్కకి. "సగమే నింపాడన్నావు. నేను ఆ నింపే పెద్దాయన దుకాణానికి వెళ్లి నలుగురిలో దొంగ అన్నాను. ఆయన నా కళ్లముందే సిలిండర్ని కాటా మీద పెట్టి చూపించాడు. అది కూడా దొంగ కాటా అన్నాను. నువ్వు చెప్పావని."

నాచక్క నేలమీద రాలిన జిగురు ఉండల్ని వేలితో ఒక దగ్గరికి చేర్చింది.

"నువ్వు రెండు రోజుల్లో వస్తానంటే నాన్న గడ్డం గీయించుకుని కూర్చున్నాడు."

ఈ మాటకి మాత్రం నాచక్క ఏడ్చింది. పాపాయి ఓదార్చలేదు, పొమ్మని కూడా అనలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా చూసి, "ఈ తొట్టిలో నీళ్లు తోడెయ్యి. ఇప్పుడే. నేను దాన్ని చూడలేను" అంది.

గొట్టం వేసి నీళ్లు పెరట్లోకి వదలడానికి గంటన్నర పట్టింది. నీళ్లు దిగేకొద్దీ గడ్డి ఒకదాని మీద ఒకటి పడుకుంది. నాచక్క చాపలా చుట్టి తీసి బకెట్లో వేసింది. మట్టి గరిటెతో తోడింది. గుడ్డ తడిపి అద్దాలు తుడుస్తూ పక్క అద్దం దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో నుంచి పాపాయి, "అది తుడవకు. తొట్టి ఇక్కడే ఉంటుంది. మిగతావన్నీ తీసుకెళ్లు" అంది.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుండగా ఇంకో మాట అంది. "ఫోన్ చెయ్యకక్కా. నాకు చెయ్యాలనిపిస్తే నేనే చేస్తాను."

ఆ ఫోన్ ఇప్పటివరకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే నాచక్క సిలిండర్లు నింపే పెద్దాయన దగ్గరికి వెళ్లి, దోషం ఆయనది కాదని చెప్పింది. ఆయన వినీ విననట్టు గొట్టాలు సర్దుకుంటూ, "ఆ అమ్మాయి అన్నరోజు నలుగురున్నారు. నువ్వు చెప్పేటప్పుడు ఎవరూ లేరు" అన్నాడు. ఆమె మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, దుకాణం నిండాక మళ్లీ చెప్పింది.

తర్వాత ఆమె తన తొట్లున్న ఇళ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క చోట్లు. ప్రతిచోటా మీటరు విప్పడం, కొత్త వాషర్ వెయ్యడం, సబ్బునీళ్లు చిమ్మి చూడటం. ఎవరూ పిలవలేదు కాబట్టి ఎందుకొచ్చావని అడిగేవాళ్లు. ఊరికే చూసిపోదామని అనొచ్చు. మొదటి ఇంట్లో అలాగే అంది, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వెళ్లి అసలు సంగతి చెప్పింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ముందే చెప్పేది. కొందరు నీతిగా చెప్పావన్నారు. ఐదుగురు ఇక రావద్దన్నారు. హోటల్ మేనేజర్ మాత్రం ఆ మాట ఇంకెక్కడా అనకమ్మా అని గొంతు సవరించుకున్నాడు. చెప్పేకొద్దీ నోరు అలవాటుపడుతుందనుకుంది. వాషర్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నోరు ఎండిపోయేది.

పంతొమ్మిదో ఇల్లు ఒక గుమస్తాది. తొట్టి, నాచక్క అప్పట్లో వద్దన్నా వినకుండా, పిల్లల గదిలో రెండు చిన్న మంచాల మధ్య పెట్టించుకున్నారు. గడ్డి చిక్కగా, పచ్చగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా పెరిగింది. సబ్బునీళ్లు చిమ్మితే ఒక్క బుడగ రాలేదు. గుమస్తా భార్య చేతులు కట్టుకుని మొత్తం విన్నది.

"ఇక్కడ కారడం లేదుగా" అంది.

"ఇవాళ కారడం లేదమ్మా."

ఆమె మంచాల వైపు చూసింది. మొగుణ్ణి కేకేసింది. సగం నీళ్లు తోడేసి, అటు ఇద్దరూ ఇటు నాచక్కా పట్టుకున్నారు. గుమ్మం ఇరుకు, తొట్టి బరువు. గుమస్తా వెనక్కి నడుస్తూ, "మెల్లగా, మెల్లగా, ఎడంపక్కకి" అంటుంటే, నాచక్క అద్దం అడుగున వేళ్లు జొనిపి, హాల్లోకి అడుగులో అడుగు వేసింది.